కడిగిన సీసాలు

ఉదయం తొమ్మిది దాటి పది నిమిషాలైంది. ఆర్మూర్ మార్కెట్ యార్డులో హమాలీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన పసుపు బస్తాల నెట్టు దించుతున్నారు. ఆఖరి వరస బస్తా ఒకటి లాగేసరికి కింద ఒక చెయ్యి కనిపించింది.

ఆ చెయ్యి బుచ్చన్నది. ముప్పై నాలుగేళ్ళవాడు, వ్యాన్ డ్రైవరు. హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ ల్యాబ్ నుంచి ఆర్మూర్‌కు ఖాళీ సీసాల పెట్టెలు తెచ్చే డ్యూటీ. మెడ మీద, చెవి కింద, దోమ కుట్టినంత ఎర్రటి చుక్క ఉంది. ఎస్సై దాన్ని చూసి దోమే అనుకున్నాడు. బస్తాలు జారి పడి చనిపోయాడని పంచనామా రాశారు. హమాలీ కొడుకుగా ఈ యార్డులోనే పెరిగిన మనిషి, ఏ నెట్టు ఎప్పుడు జారుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలవాడు, బస్తాల కింద ఎలా పడ్డాడని ఎవరూ అడగలేదు. అడిగేవాళ్ళకు జీతమిచ్చే డిపార్ట్‌మెంట్ వేరే ఉంది.

ఆ డిపార్ట్‌మెంట్ మనిషి అప్పటికే గుంపులో ఉన్నాడు. భుజం మీద ఖాళీ సంచుల కట్ట, చేతిలో హమాలీ కొక్కెం, నోట్లో వక్కపొడి. శవాన్ని పైకెత్తడానికి నలుగురితో పాటు తనూ చెయ్యి వేశాడు. దించేసరికి బుచ్చన్న చొక్కా జేబులో ఉన్నది అతని జేబులోకి వచ్చేసింది.

పేరు కాశీరాం. వయసు యాభై రెండు. బాల్కొండ, వేల్పూర్, మోర్తాడ్ గల్లీల్లో పాత గోనె సంచులు కొనుక్కుంటూ తిరుగుతాడని అందరికీ తెలుసు. దేశ రహస్య విభాగంలో అతను నెంబర్ నైన్ అని తెలిసింది ముగ్గురికి. ఆ ముగ్గురిలో ఒకరు రిటైరయ్యారు. పదో తరగతి తప్పినవాడిని ఎందుకు తీసుకున్నారో ఆఫీసు దాచలేదు. పది తప్పినవాడి వంక ఎవడూ రెండోసారి చూడడు. ఇరవై ఆరేళ్ళుగా ఎవడూ చూడలేదు. ప్రమోషన్ లిస్టు రాసేవాడు కూడా చూడలేదు.

ఫోన్ మోగింది.

"మండకు గిరాకీ ఉన్నదా?"

"మండకు లేదు. కొమ్ముకు ఉన్నది."

పసుపులో గుండ్రటి దుంప మండ, పొడుగుది కొమ్ము. కోడ్ సరిపోయింది. అవతల చీఫ్ గంగాదాస్, హైదరాబాద్‌లో, ఏసీ గదిలో. ఏసీ చప్పుడు ఫోన్‌లో కూడా వినిపిస్తుంది.

"నెంబర్ నైన్. డ్రైవర్‌ను హెరాన్ లేపేసింది. వాళ్ళ మనిషి యార్డులనే ఉన్నడు. ఇయ్యాల సాయంత్రం నాలుగింటికి కమిటీ సంతకం పెడ్తది. అప్పటిదాంక పెట్టెలు కాపాడు. గంతే నీ పని."

"సరే సార్."

"శవం మీద ఏమన్న దొరికిందా?"

కాశీరాం జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. గతంలో రెండుసార్లు అతనికి దొరికినవి పైకి పోయాయి, వేరేవాళ్ళ పేర్ల మీద మెడళ్ళుగా మారాయి.

"ఏం లేదు సార్."

జేబులో నాలుగు కాగితపు ముక్కలున్నాయి. పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టినవి. మూడు పసుప్పచ్చగానే ఉన్నాయి. వాటి మీద పెన్సిల్‌తో బా, వే, మో అని రాసి ఉంది. నాలుగోది ఎర్రగా ఉంది. దాని మీద 'అసలుది' అని ఉంది.

*

యార్డులోని రైతు విశ్రాంతి భవనం పెద్ద హాల్లో డాక్టర్ లిదియా తన మెషీన్ సర్దుకుంటోంది. వేల్పూర్ అమ్మాయి, నలభై దాటింది. తొమ్మిదేళ్ళు కష్టపడి ఒక స్ట్రిప్ కనిపెట్టింది. వేలెడంత కాగితం. దాన్ని మూత్రంలో ముంచి మెషీన్‌లో పెడితే, ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో అంకె చెబుతుంది. సూది లేదు, రక్తం లేదు. ఢిల్లీ వాళ్ళు ఈ వ్యవహారానికి ఆపరేషన్ గోల్డెన్ డ్రాప్ అని పేరు పెట్టారు. ఉచ్చను ఆ పేరుతో పిలవాలంటే ఢిల్లీలోనే పుట్టాలి.

హెరాన్ అనేది విదేశీ ముఠా. కొత్త మందులూ మెషీన్లూ ఎక్కడ పుట్టినా పురిట్లోనే గొంతు నులిమి, శవాన్ని చవగ్గా కొనుక్కుని, తమ దేశంలో బతికించి పదింతలకు అమ్మడం దాని వృత్తి. బాల్కొండ, వేల్పూర్, మోర్తాడ్‌లలో మూడు వందల మంది షుగర్ రోగుల సీసాలతో నడుస్తున్న ఈ ట్రయల్ ఫెయిలైతే లిదియా స్ట్రిప్‌ను సర్కారు అటక మీద పారేస్తుంది. ఆ అటక తాళంచెవి హెరాన్ దగ్గర ఉంది.

"ఏం కాశన్నా, మల్ల సంచుల కోసమేనా?" లిదియా నవ్వింది. ఆమెకు అతను సంచుల వ్యాపారి, బాల్కొండ లిస్టులో ఒక పేషెంటు. అంతే. ఆ రెండో సంగతి మాత్రం వేషం కాదు. కాశీరాంకు పన్నెండేళ్ళుగా షుగర్. రోజుకు రెండు సూదులు.

"నిన్న బాల్కొండల నా సీసా ఇచ్చిన మేడమ్. మేం బయట కొని పొడుచుకునే ఇన్సులిన్ గూడ కలిసి లెక్కకొస్తదేమో అని అనుమానం."

"రాదు. నువ్వు పసుపు పాలిష్ డ్రమ్ము చూసినవ్ గద. డ్రమ్ము తిరిగితే కింద పొట్టు పడ్తది. పొట్టు చూసి ఎన్ని బస్తాలు పాలిషైనయో చెప్పొచ్చు. ఒంట్లో ఇన్సులిన్ తయారైనప్పుడల్ల గట్లనే ఒక ముక్క తెగి పడ్తది. దాని పేరు సి-పెప్టైడ్. అది ఉచ్చల పోతది. బజార్ల కొనే ఇన్సులిన్ పాలిషై వచ్చిన సరుకు. దానికి పొట్టు ఉండదు."

"అంటే నా డ్రమ్ము తిరుగుతున్నదా లేదా తెలుస్తది."

"నాలుగింటికి తెలుస్తది."

 నిన్నటి నుంచి కాశీరాం గొంతులో ఒక చిన్న ఆశ గింజలా ఇరుక్కుని ఉంది. ఆశ పడే వయసు కాదని తనకు తెలుసు.

"సీసా అడుగున తెల్లపొడి ఎందుకు మేడమ్?"

"గీ ఎండకు సి-పెప్టైడ్ పాడుగాకుంట. బోరిక్ పౌడర్. పొడి ఉంటే మూడు దినాలు బయట పెట్టినా ఏం గాదు. అందుకే సీసా కడగొద్దని లేబుల్ మీద పెద్దగ రాసినం."

వెనక నుంచి సెంటు వాసన వచ్చింది. పసుపు దుమ్మును చీల్చుకుని మరీ వచ్చింది. ట్రయల్ కోఆర్డినేటర్ సంధ్యారాణి. నల్లకళ్ళద్దాలు, నీలం చీర, ఎండలో కూడా చెదరని జుట్టు. యార్డులో ఆమె నడిస్తే వేలంపాట ఆగిపోతుంది. హెరాన్ లెక్కలో ఆమె హెరాన్ మనిషి. ఆఫీసు లెక్కలో ఆఫీసు మనిషి. తన లెక్కలో ఎవరి మనిషో ఆమె ఎక్కడా రాయలేదు.

ఆమె కాశీరాంను వరండాలోకి తీసుకెళ్ళింది.

"హోల్ట్ అని ఒకడున్నడు. పసుపు ఎగుమతి వ్యాపారి వేషం. చేతిల పసుపుల కర్క్యుమిన్ ఎంతున్నదో కొలిచే మీటర్ ఉంటది. దాంట్ల సూది ఉన్నది. నాలుగు గంటలకు పెట్టెలు మార్చాలని చూస్తడు. నువ్వు గేటు దగ్గర ఉండు. లోపల నేను చూస్కుంట."

"బుచ్చన్నను ఎందుకు చంపిండు?"

"ఏదో చూసిండేమో," అంది. కళ్ళద్దాలు తీయలేదు.

కాశీరాం తలూపి గేటు వైపు నడిచాడు. పోతూ పోతూ స్టోర్ గదిలోంచి ఒక ఖాళీ సీసా సంచిలో వేసుకున్నాడు.

*

గేటు పక్కన హమాలీల గది. పదకొండున్నరకు అక్కడ క్యారమ్స్ నడుస్తోంది. కాశీరాం మూలన కూర్చుని ఎర్ర కాగితాన్ని చూస్తున్నాడు. పసుపు ఎర్రబడేది సున్నానికి. అది ఆర్మూర్‌లో ముసలవ్వ నుంచి ముక్కు కారే పిల్ల వరకూ ఎవరికైనా తెలుసు. నిమ్మరసం పిండితే ఆ ఎరుపు పోయి మళ్ళీ పసుపవుతుంది. జేబులోంచి నిమ్మచెక్క తీసి పిండాడు.

ఎరుపు పోలేదు.

అంటే ఇది సున్నం కాదు.

"నీ యవ్వ, మల్లా ఎర్రగైనయ్‌రా!" బోర్డు దగ్గర బబ్లు అరిచాడు. నలభై ఏళ్ళ హమాలీ. వేళ్ళు ముందుకు చాచి చూపిస్తున్నాడు. ఏళ్ళ తరబడి పసుపు మోసి మోసి పచ్చబడిన వేళ్ళ చివర్లు ఇటుక రంగులోకి తిరిగాయి.

"ఏమైంది బబ్లూ?"

"ఏమో కాశన్నా. పాయఖానా దొడ్లు కడిగే యాసిడ్ డ్యూటీ ఉన్న దినమే గిట్లైతది. యాసిడ్ తడి మీద గీ బోర్డు పౌడర్ అంటిందనుకో, ఆరంగనే ఎర్రగైతది."

"నీకు ఎవడన్న శాపం పెట్టిండు," ఇంకో హమాలీ అన్నాడు.

"శాపం గాదు బై, నీ ఆటనే నాకు శాపం. పాపం బుచ్చన్న గూడ మొన్న గిదే అడిగిండు. గింత పౌడర్ కాయితంల కట్టుకొని, గింత యాసిడ్ సీసల పోస్కొని పోయిండు. సచ్చిపాయె."

కాశీరాం లేచాడు. బోర్డు పౌడర్ డబ్బా తిప్పి చూశాడు. బోరిక్ అని రాసి ఉంది.

గది వెనక్కి పోయి సంచిలోంచి ఖాళీ సీసా తీశాడు. అడుగున ఉన్న పొడిలో రెండు చుక్కల నీళ్ళు, ఒక చుక్క యాసిడ్ వేసి, పసుపు కాగితం ముంచి ఎండలో పెట్టాడు. పక్కన క్యారమ్ పౌడర్‌తో ఇంకోటి. అయిదు నిమిషాల్లో రెండూ ఆరాయి. ఆర్మూర్ ఎండ ఆ ఒక్క పని శ్రద్ధగా చేస్తుంది.

క్యారమ్ పౌడర్ కాగితం ఎర్రబడింది. సీసా పొడి కాగితం పసుప్పచ్చగానే ఉంది.

పెట్టెలు మార్చడానికి హెరాన్ నాలుగు గంటల వరకూ ఆగలేదు. సీసాల్లో పొడి ఎప్పుడో మారిపోయింది. ఈ తెల్లపొడి సి-పెప్టైడ్‌ను కాపాడేది కాదు, తినేది. బట్టల సబ్బులో మరకలు తినే మందు లాంటిది. బుచ్చన్న ఇది కనిపెట్టాడు, అందుకే పోయాడు. బాల్కొండలో నూట ముప్పై సీసాలు, వేల్పూర్‌లో నూట ఇరవై తొమ్మిది. నిన్న అక్కడికక్కడే పంచి, అక్కడికక్కడే నింపించారు. ఈపాటికి అన్నీ ఖాళీ డ్రమ్ములే.

వాటిలో ఒకటి కాశీరాంది. గొంతులో గింజ కిందికి దిగిపోయింది.

*

పన్నెండింటికి మోర్తాడ్ పెట్టె వచ్చింది. నలభై ఒక్క సీసాలు, అన్నీ బీడీలు చుట్టే ఇళ్ళవే. పెట్టెతో పాటు ఆటోలో రత్నవ్వ, ఆమె కూతురు అంకిత దిగారు. కాశీరాంకు ఎప్పటి నుంచో సంచులు అమ్మే ఇల్లు వాళ్ళది.

అంకితకు పంతొమ్మిదేళ్ళు. పదమూడో ఏట షుగర్ అన్నారు. రోజుకు నాలుగు సూదులు. ఆ సూదుల కోసం తండ్రి మల్లేష్ మస్కట్ పోయాడు. ఆరేళ్ళయింది, ఒక్కసారి కూడా రాలేదు. వస్తే పని పోతుంది, పని పోతే సూదులు పోతాయి. పిల్ల ఒంట్లో ఇంకా ఇన్సులిన్ తయారవుతుంటే అది వేరే రకం షుగర్ కావచ్చని, మాత్రలతో సరిపోవచ్చని లిదియా చెప్పింది. అంటే మల్లేష్ విమానం టికెట్ ఆ సీసాలో ఉంది.

"ఏం కాశన్నా, మొకం గట్ల పెట్టినవ్? సచ్చినోడు మీ సుట్టమా?" రత్నవ్వ అడిగింది.

"కాదక్కా." అతను పెట్టె వైపు చూడలేకపోయాడు. "అంకితా, సీసా నింపినవా బిడ్డా?"

"తొమ్మిదింటికి తిని, పదకొండింటికి నింపిన అంకుల్. మేడమ్ చెప్పినట్టే."

"చెప్పినట్టే ఏడ చేసినవ్?" తల్లి అందుకుంది. "సీసా గట్లనే నింపుతాంటే నేనే గుంజుకున్న. మొన్న పంచిండ్రు సీసలు. మూత తీస్తే అడుగున తెల్లగ ఏందో కదలాడుతున్నది. ఎవని ఎంగిలో, ఎవని మందో! దవాఖానకు ఇచ్చే సీసా గట్ల ఇస్తరా ఎవలన్న? బోరింగ్ కాడ బూడిదేసి తోమిన."

"అమ్మా, కడగొద్దని రాసున్నది అని చెప్పిన నేను!"

"రాసినోడు వచ్చి తోముతడా? గల్లీ మొత్తం తోమినం. నలభై ఒక్కటి. మూడు నీళ్ళు పెట్టి, ఎండల బోర్లించినం. మేడమ్ ముందర మోర్తాడోళ్ళు మురికోళ్ళు అనిపించుకోవాల్నా?"

కాశీరాం నోట్లో వక్కపొడి ఆగిపోయింది. విదేశాల్లో చదువుకున్న హెరాన్ శాస్త్రవేత్తలు, ఏళ్ళ తరబడి ప్లాను, సీలు చెదరకుండా మార్చిన మూడు వందల సీసాలు. అంతా మోర్తాడ్ బోరింగ్ కింద మురిక్కాలవలోకి పోయింది.

"అక్కా," అన్నాడు.  "మంచి పని చేసినవ్."

"మంచి పనే. ఎందుకు చెయ్యం?"

తినే పొడి లేదు, కాపాడే పొడీ లేదు. నలభై మూడు డిగ్రీల ఎండ. మంచు మీద పెట్టకపోతే నాలుగు దాకా ఏదీ మిగలదు. కాశీరాం పెట్టెను భుజాన వేసుకుని చెరకు రసం బండి వైపు పరుగెత్తాడు.

*

మూడూ నలభై. సంచుల షెడ్డు. కప్పు దాకా పేర్చిన పసుపు బస్తాల మధ్య కాశీరాం మంచు నింపిన థర్మోకోల్ డబ్బా ముందు కూర్చున్నాడు. హాల్లో మోర్తాడ్ అని రాసిన అసలు పెట్టె ఉంది. దానిలో ఉన్నవి కాశీరాం పెట్టిన నకిలీ సీసాలు.

"నలభై ఒక్క సీసల చాయ్," వెనక నుంచి గొంతు వచ్చింది. "నీళ్ళ చాయ్. నాకు గా మాత్రం తెల్వదనుకున్నవా కాశన్నా?"

సంధ్యారాణి. చేతిలో లిప్‌స్టిక్ ఉంది. దాని మూతి అతని గుండె వైపు ఉంది. అలాంటి లిప్‌స్టిక్ ఆఫీసు స్టోర్‌లో కాశీరాం ఒకసారి చూశాడు. పెదాలకు వేసుకునేది కాదు.

"బుచ్చన్న పొడి సంగతి నీకే ఫోన్ చేసి చెప్పిండు గద?" కాశీరాం అడిగాడు.

"చెప్పిండు."

"నువ్వు ఎవలకు చెప్పినవ్?"

"ఇద్దరికి. చీఫ్‌కు చెప్పిన. హోల్ట్‌కు గూడ చెప్పిన. చెప్పకుంటే నా మీద అనుమానపడుతుండె."

"పొడి మారిందని చీఫ్‌కు ఎప్పటి సంది తెలుసు?"

"పది దినాల సంది." ఆమె గొంతులో ఏ రంగూ లేదు. "హోల్ట్ పైనోళ్ళ దాంక పోవాల్నంటే హెరాన్ నన్ను నమ్మాలె. నమ్మాల్నంటే గీ ట్రయల్ మునగాలె. మూడు వందల మంది ఉచ్చ కన్న నా దొంగ వేషం, నా కవర్ ముఖ్యమని కాయితం మీద రాసిండు. సంతకం గూడ ఉన్నది."

"మరి నన్నెందుకు కాపలా పెట్టిండు?"

"కాపలా లేకుంటే హోల్ట్‌కు అనుమానం రాదా?"

కాశీరాం నవ్వాడు. నవ్వు లాంటిదేదో వచ్చింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఇంటి ముందు దిష్టిబొమ్మను కూడా ఇంత కాలం ఎవరూ ఒకే చోట నిలబెట్టరు.

ఫోన్ మోగింది. "మండకు గిరాకీ ఉన్నదా?"

"సార్, ఇయ్యాల మార్కెట్ బంద్," అని కట్ చేశాడు. డబ్బా ఎత్తుకుని లేచాడు. "మోర్తాడ్ పిల్ల ఒకతి బయట బెంచీ మీద కూసున్నది. ఆరేండ్ల సంది తండ్రిని ఫోన్లనే చూస్తున్నది. ఆ పిల్లకు నీ కవర్ సంగతి నువ్వే చెప్పు. చెప్పి కాల్చు."

సంధ్యారాణి అతన్ని చూసింది. నల్లకళ్ళద్దాల వెనక ఏముందో చూడటానికి అతనికి టైము లేదు. లిప్‌స్టిక్ చిన్నగా దగ్గింది. కాశీరాం చెవి పక్కన ఉన్న బస్తాకు చిల్లు పడి, పసుపు కొమ్ములు ఒక్కొక్కటే రాలాయి.

"గురి తప్పిందని రాస్కుంట," అని ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

షెడ్డు తలుపు దగ్గర తెల్లటి పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో కర్క్యుమిన్ మీటర్.

"నమస్కారము," అన్నాడు హోల్ట్. "తాము దయచేసి ఆ మంచుపెట్టెను క్రింద ఉంచవలసినదిగా ప్రార్థించుచున్నాను."

"ఎవడు నేర్పిండు బై నీకు తెలుగు? మా బళ్ళె సార్ లెక్క మాట్లాడుతున్నవ్. గాయన బాధ పడలేకనే పది తప్పిన నేను."

హోల్ట్ చిరునవ్వుతో మీటర్ ఎత్తాడు. కాశీరాం జేబులోంచి ఇన్సులిన్ పెన్ తీశాడు. ఆఫీసు ఇచ్చిన గ్యాడ్జెట్. లోపల ఉన్నది ఇన్సులిన్ కాదు, ఏనుగును కూడా మూడు సెకన్లలో పడుకోబెట్టే మందు. ఒక్క అడుగు ముందుకు వేసి హోల్ట్ మణికట్టులో పొడిచాడు. మీటర్ కింద పడింది.

మూడు సెకన్లు. ఆరు సెకన్లు. హోల్ట్ తన మణికట్టు చూసుకున్నాడు, తరువాత పెన్ మీది అంకెలు చదివాడు.

"క్షమించవలెను. ఇది గత సంవత్సరమే కాలము చెల్లినది."

కొత్తది జూన్‌లో పంపుతామని ఆఫీసు రాసింది. ఏ జూన్‌లోనో రాయలేదు.

హోల్ట్ మీటర్ కోసం వంగాడు. కాశీరాం చూపు నెట్టు మీద పడింది. కప్పు దాకా పేర్చిన బస్తాలు ఎంత గట్టిగా కనిపించినా మూల బస్తా ఒక్కటే వాటన్నిటినీ పట్టుకుని ఉంటుంది. దాన్ని ఎవరూ ముందు లాగరు. కాశీరాం కొక్కెం విసిరి ఆ బస్తాకే తగిలించి, ఒంట్లో బలమంతా పెట్టి లాగి, పక్కకు దూకాడు.

పసుపు దుమ్ము దిగేసరికి హోల్ట్ నడుము దాకా బస్తాల కింద ఉన్నాడు. ఈసారి అతని నోటి నుంచి వచ్చింది తెలుగు కాదు.

"నెట్టు జారింది సార్," అన్నాడు కాశీరాం. "పంచనామాల గట్లనే రాస్తరు."

*

మూడూ యాభై తొమ్మిది. హాల్లో మెషీన్ రెండు వందల యాభై తొమ్మిది సార్లు సున్నా చూపించింది. డాక్టర్ లిదియా కుర్చీలో రాయిలా కూర్చుని ఉంది. కమిటీ చైర్మన్ 'ప్రయోగం విఫలం' అని టైపు చేసి తెచ్చుకున్న కాగితం మీద వంగి పెన్ మూత తీశాడు. అది నిన్ననే టైపయినట్టుంది. మడతలు పాతవి.

తలుపు తోసుకుని ఒళ్ళంతా పసుపుతో ఒక ఆకారం వచ్చింది. టేబుల్ మీద నీళ్ళు కారుతున్న డబ్బా పెట్టింది.

"మోర్తాడ్ మేడమ్. అసలుది. పొడి లేదు, కడిగిండ్రు. తొందరగ చూడు."

"టైమైపోయింది," అన్నాడు చైర్మన్.

"ఇంకా నలభై సెకన్లున్నయి," అంది లిదియా. ఆమె చేతికి ముందు దొరికిన సీసా మీద అంకిత అని ఉంది. స్ట్రిప్ ముంచి మెషీన్‌లో పెట్టింది.

మెషీన్ ఆలోచించింది. గోడ గడియారంలో ముల్లు పన్నెండు మీదికి ఎక్కబోతుండగా బీప్ అంది.

ఒకటి పాయింట్ నాలుగు.

లిదియా రెండుసార్లు చదివింది. "పని చేస్తున్నది," అంది. స్ట్రిప్ గురించి అన్నదో, పిల్ల పాంక్రియాస్ గురించి అన్నదో తెలియలేదు. రెండూ నిజమే. చైర్మన్ పెన్ మూత పెట్టక తప్పలేదు. తరువాతి నలభై సీసాలు నలభై రకాల అంకెలు చెప్పాయి.

బయట బెంచీ మీద లిదియా అంకిత పక్కన కూర్చుని చెప్పింది. "ఆరేండ్లైనా నీ ఒంట్లో ఇన్సులిన్ తయారైతనే ఉన్నది. సూదులు ఇప్పుడే ఆపకు. ఇంకో పరీక్ష చేపిస్త. అది గూడ గిట్లనే వస్తే డాక్టర్ దగ్గరుండి మాత్రలకు మారుస్తడు."

రత్నవ్వ మస్కట్‌కు ఫోన్ కలిపింది. డ్యూటీ టైము, మల్లేష్ ఎత్తలేదు. వాయిస్ మెసేజ్ పెట్టింది. "ఓ పిల్ల బాపూ, పిల్లకు సూదులు బందైతయంట. ఇగ రా. వచ్చెటప్పుడు సెంటు బుడ్డీలు గిట్ల తేకు, నువ్వు రా చాలు." కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది.

*

పది రోజుల్లో అన్నీ సర్దుకున్నాయి. యార్డులో నెట్టు జారి విదేశీ వ్యాపారికి కాలు విరిగిందని పేపర్లో వచ్చింది. ఆయనకు పూలగుత్తి ఇచ్చి విమానం ఎక్కించారు. వెంట సాయంగా సంధ్యారాణి వెళ్ళింది. కవర్ చెక్కు చెదరలేదు. బుచ్చన్న ఫైలు ప్రమాదం కిందే మూసేశారు. లిదియా ట్రయల్ మళ్ళీ మొదటి నుంచి చేయాలని, మోర్తాడ్ స్త్రీలు నిబంధనలు ఉల్లంఘించి సీసాలు కడగడం విచారకరమని కమిటీ రాసింది. ఆదేశాలు లేకుండా మార్కెట్ బంద్ చేసినందుకు నెంబర్ నైన్‌ను సంజాయిషీ అడిగారు.

కాశీరాం సంచుల కోసం మోర్తాడ్ పోయాడు. అరుగు మీద రత్నవ్వ బీడీలు చుడుతోంది. రెండో పరీక్ష కూడా కలిసొచ్చింది. మల్లేష్ వచ్చే నెల దిగుతున్నాడు.

"అవును కాశన్నా, నువ్వు గూడ సీసా ఇచ్చినవంట గద. నీదెంతొచ్చింది?"

"సున్నా."

"సీసా కడిగినవా?"

"లేదు. కడగొద్దని రాసున్నది గద."

రత్నవ్వ చేతిలో బీడీ ఆగిపోయింది. అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. "ఎవలో ఇచ్చిన సీసా కడగకుంటనే నింపినవా? ఛీ! ఇగ నీకు సంచులమ్మాల్నన్న ఆలోచన చెయ్యాలె."

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో, ఒక్క రోజు తప్ప, రాసినదంతా రాసినట్టు పాటించిన ఏజెంట్ ఆ సంచుల మీదే కూర్చుని చొక్కా పైకెత్తాడు. అసలు ఇన్సులిన్ పెన్ మీద తారీకు ఒకటికి రెండుసార్లు చూసుకుని, సాయంత్రపు సూది పొడుచుకున్నాడు.